రంగు తక్కువ పిల్ల

(డిగ్రీ, ఇంజనీరింగ్ విద్యార్థినుల కోసం జరిగిన ఒకరోజు సదస్సులో చేసిన ప్రసంగానికి రాత రూపం)



"ప్రచార సాధనాల్లో స్త్రీలు, జాతులు: మూస చిత్రణలు" అనే అంశం మీద మాట్లాడమని నన్ను పిలిచారు. అంశం చాలా పెద్దది. సినిమాలు, టీవీ సీరియళ్ళు, వ్యాపార ప్రకటనలు, ఇప్పుడు సెల్‌ఫోన్లో క్షణానికొకటి వచ్చిపడే వీడియోలు, అన్నీ ఇందులోకి వస్తాయి. అన్నింటినీ ముట్టుకుని దేన్నీ పట్టుకోకుండా పోవడం కంటే, మన ఇళ్ళలో రోజూ వినబడే ఒక చిన్న మాటని పట్టుకుని వెళ్ళడం మేలనుకున్నాను. ఆ మాట ఇది: "పిల్ల బాగానే ఉంది గానీ, కాస్త రంగు తక్కువ."

ఈ మాట విననివాళ్ళు ఈ హాల్లో ఉన్నారని నేననుకోను. కొందరి గురించి అన్నారు. కొందరి ముందే అన్నారు. కొన్నిసార్లు మనమే అన్నాం.

ఈ మాటని కాస్త విడదీసి చూద్దాం. నలుపు రంగు కాదా? తెలుగులో ఒంటి విషయానికి వచ్చేసరికి రంగు అంటే తెలుపు అనే అర్థం స్థిరపడిపోయింది. "పట్నం నీళ్ళకి రంగు తేలింది", "నీడపట్టున ఉండి రంగొచ్చింది", "మంచి రంగు పిల్ల" అంటాం. నల్లగా ఉన్న పిల్లకి అసలు రంగే లేనట్టు, ఉన్నా చాలినంత లేనట్టు. శరీరశాస్త్రం చెప్పేది దీనికి పూర్తిగా భిన్నం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ని తయారుచేసే కణాలు తెల్లవాళ్ళలోనూ నల్లవాళ్ళలోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. అవి తయారుచేసే మెలనిన్ మోతాదులోనూ రకంలోనే తేడా. ఎండ దెబ్బ నుంచి చర్మాన్ని కాపాడేది ఆ మెలనినే. అంటే లెక్క ప్రకారం రంగు ఎక్కువైన పిల్లనే మనం రంగు తక్కువ పిల్ల అంటున్నాం.

ఇక "తక్కువ" అనే మాట. ఇది తూకం మాట, బజారు మాట. ఒకటి తక్కువైతే మరో దానితో పూడ్చాలి. కట్నంతో పూడుస్తారు. చదువుతో పూడ్చుకోమంటారు. అణకువతో, వంటపనితో, నోరు మెదపకపోవడంతో పూడ్చుకోమంటారు. నేనివాళ చెప్పదలచుకున్నది ఒక్కటే. వ్యాపార ప్రకటన ఈ "తక్కువ"ని కనిపెట్టలేదు. పెళ్ళి బజారు దాన్ని తయారుచేసింది. కులమూ, పరాయి పాలనా దానికి దన్నుగా నిలిచాయి. ప్రకటన చేసిందల్లా ఆ తక్కువని ఒక అప్పుగా మన పేర రాసి, ట్యూబుల లెక్కన వాయిదాల మీద తీర్చుకోమనడం. ట్యూబు మీద పేరు మారినంత మాత్రాన ఈ అప్పు రద్దు కాదు.

ఇది నేను పుస్తకాలు చదివి మాత్రమే చెబుతున్న మాట కాదు. 2003లో నా ఎం.ఏ. పూర్తయింది. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. పెళ్ళిచూపుల ఫోటో కోసం మా నాన్న నన్ను పట్నంలో స్టూడియోకి తీసుకెళ్ళారు. ఫోటోగ్రాఫరు పౌడరు డబ్బా చేతికిచ్చి, "మెడక్కూడా రాయండమ్మా" అన్నాడు. రెండు లైట్లు మొహం మీదికి తిప్పాడు. ఫోటోలు కడిగి ఇచ్చాక చూస్తే, మొహం ఒక రంగు, ఒళ్ళో పెట్టుకున్న చేతులు ఇంకో రంగు. చేతులకి పౌడరు రాయాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఫోటో చూసి ఒక సంబంధం వాళ్ళు వచ్చారు. చూసి వెళ్ళాక మధ్యవర్తితో కబురు పంపారు. పిల్ల చదువూ, కుటుంబమూ నచ్చాయట. కానీ ఫోటోలో చూసినదానికీ ఎదురుగా చూసినదానికీ తేడా ఉంది కాబట్టి, ముందనుకున్న దానిమీద ఇంకో లక్ష కలపమన్నారు. కట్నం అడగడం 1961 నుంచీ ఈ దేశంలో చట్టప్రకారం నేరం. ఆ సంగతి మధ్యవర్తికీ తెలుసు, మా నాన్నకీ తెలుసు. అయినా మా నాన్న అరెకరం బేరం పెట్టారు. ఆ రాత్రి పక్క గదిలోంచి మా అమ్మ మాట వినబడింది. "నా పోలిక వచ్చింది. దాని తప్పేముంది?" అని ఏడుస్తోంది. నా ఒంటి రంగుకి లక్ష రూపాయల వెల కట్టినందుకు కోపం వచ్చింది గానీ, మా అమ్మ తన రంగు నాకిచ్చినందుకు తప్పు చేసినదానిలా ఏడవడం నన్ను ఎక్కువ కలచివేసింది. ఆ సంబంధం వద్దన్నాను. పొలం నిలిచింది. నేను యూనివర్సిటీకి వెళ్ళిపోయాను. అందరికీ అలా వెళ్ళిపోయే వీలుండదని కూడా నాకు తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే టీవీలో ఒక ప్రకటన వస్తుండేది. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. ఇల్లు గడవక ఇబ్బంది పడే ఒక తండ్రి, తనకి కొడుకు ఉంటే బాగుండేదని వాపోతాడు. కూతురు ఆ మాట వింటుంది. ఫెయిర్ అండ్ లవ్లీ రాసుకుంటుంది. తెల్లబడుతుంది. ఎయిర్‌హోస్టెస్ అవుతుంది. ఇంటి కష్టాలు తీరిపోతాయి. ఆ కాసేపట్లో ఎన్ని మూసలు ఇమిడి ఉన్నాయో చూడండి. ఇంటిని నిలబెట్టేది కొడుకు. కూతురు లోటు. ఆ లోటుని ఆమె చదువుతోనో పనితనంతోనో కాదు, చర్మంతో పూడ్చాలి. నల్లగా ఉన్న పిల్లకి పెళ్ళే కాదు, ఉద్యోగం కూడా రాదు. మా పెళ్ళిచూపుల గదిలో మధ్యవర్తి చెప్పిందే ఆ ప్రకటన దేశమంతటికీ చెప్పింది. మధ్యవర్తి గొంతు తగ్గించి చెప్పాడు. ప్రకటన పాట పెట్టి చెప్పింది.

హిందుస్తాన్ లీవర్ కంపెనీ ఫెయిర్ అండ్ లవ్లీని 1975లో తీసుకొచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరాన్ని అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించింది. స్త్రీలు ఇంటి నుంచి బయటికి వచ్చి చదువూ ఉద్యోగమూ అడుగుతున్న కాలంలోనే ఈ ట్యూబు కూడా బయటికొచ్చింది. మొదట్లో పెళ్ళి ఆశ చూపింది. స్త్రీలు ఉద్యోగాల మాట ఎత్తేసరికి ఉద్యోగం ఆశ చూపింది. ఆత్మవిశ్వాసం మాట ఎత్తితే అదీ ట్యూబులోనే ఉందంది. మనం ఏ హక్కు అడిగితే ఆ హక్కుని సరుకుగా మార్చి మనకే అమ్మడం మార్కెట్టుకి వెన్నతో పెట్టిన విద్య.

అయితే ఆడవాళ్ళు ఊరుకోలేదు. బృందా కరత్ ప్రధాన కార్యదర్శిగా ఉన్న రోజుల్లో ఐద్వా ఈ ప్రకటనల మీద కంపెనీకి ఫిర్యాదు చేసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌నీ, కేంద్ర సమాచార ప్రసార శాఖనీ కదిలించింది. చివరికి 2003లో ఆ ప్రకటనలు ఆగాయి. ఇక్కడ మీకు పనికొచ్చే ఒక విషయం చెబుతాను. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనల్లో ఏడవ నిబంధన ప్రకటనలకి సంబంధించినది. ఏ జాతినీ, కులాన్నీ, రంగునీ కించపరిచే ప్రకటన చూపకూడదని అందులో ఉంది. స్త్రీలని కించపరిచేలా చిత్రించకూడదనీ ఉంది. జాతి, కులం, రంగు, స్త్రీ. నాలుగు మాటలూ ఒకే నిబంధనలో ఉన్నాయి. మనం మాత్రం వీటిని నాలుగు వేరువేరు సమస్యలుగా నాలుగు వేరువేరు సభల్లో మాట్లాడుకుంటున్నాం.

ఆ 2003లోనే అదే కంపెనీ, అదే ట్యూబు పేరుతో, ఆడపిల్లల చదువుకి ఉపకార వేతనాలిచ్చే ఫౌండేషన్ పెట్టింది. తర్వాత 2014లో ప్రకటనల పరిశ్రమ తనకి తాను పెట్టుకున్న సంస్థ, అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, నల్లగా ఉన్నవాళ్ళని అందవిహీనులుగా, దిగులుపడేవాళ్ళుగా, తక్కువవాళ్ళుగా చూపకూడదని మార్గదర్శకాలు రాసింది. 2020 జూలైలో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. తెలుపు పోయి మెరుపు వచ్చింది. మీ ఊళ్ళో కిరాణా కొట్టుకి వెళ్ళి చూడండి, చాలామంది ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతారు. కొట్టువాడికీ ఏది ఇవ్వాలో తెలుసు.

ఆ పేరు 2020లోనే ఎందుకు మారింది? 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో ఒక తెల్ల పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడి మెడమీద మోకాలు అదిమిపెట్టి చంపాడు. లక్షలాది జనం వీధుల్లోకి వచ్చారు. ఆ ఉద్యమానికి మద్దతు పలికిన పెద్ద కంపెనీలని జనం నిలదీశారు. అమెరికాలో నల్లవాళ్ళ పక్షాన నిలబడతామంటూ ఆసియాలో తెల్లబరిచే క్రీము ఎలా అమ్ముతారని అడిగారు. నెల తిరగకుండానే పేరు మారుస్తామన్నారు. జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ ఇలాంటి తన సరుకులు కొన్నింటిని ఏకంగా ఆపేసింది. ఒక పెళ్ళి సంబంధాల వెబ్‌సైటు, షాదీ డాట్ కామ్, చర్మం రంగుని బట్టి సంబంధాలు వెతికే ఏర్పాటుని అదే నెలలో తీసేసింది. మన దగ్గర స్త్రీలు ఏళ్ళ తరబడి అడిగినా కదలని బండ ఒక్కసారిగా కదిలింది. ఇది మనల్ని చిన్నబుచ్చే విషయం కాదు. వాళ్ళ పోరాటానికీ మన పోరాటానికీ లంకె ఎక్కడుందో చూపించే విషయం.

మన పత్రికలు ఈ వార్తలు రాసేటప్పుడు "వర్ణ వివక్ష" అని రాస్తాయి. దక్షిణాఫ్రికా గురించీ అలాగే రాసేవి. వర్ణం అంటే రంగు. మన దేశంలో వర్ణం అంటే కుల వ్యవస్థ కూడా. ఈ రెండో అర్థం ఎదురుగా ఉన్నా, మనం వర్ణ వివక్ష అనే మాటని సముద్రాల అవతలే ఉంచేశాం. నిజమే, ఒంటి రంగుని బట్టి కులం చెప్పలేం. ఏ కులంలో చూసినా అన్ని ఛాయలవాళ్ళూ ఉన్నారు. కానీ మనం మాత్రం చెప్పగలిగినట్టే ప్రవర్తిస్తాం. తెల్లగా ఉన్న పిల్లని చూసి "పెద్దింటి పిల్లలా ఉంది" అంటాం. ఎండలో తిరిగొచ్చిన కూతుర్ని "కూలిదానిలా తయారయ్యావ్" అని తిడతాం. నీడన కూర్చునే ఆడదానికి గౌరవం, ఎండలో నాట్లు వేసి, పత్తి తీసి, మిరపకాయలు కోసి అందరికీ తిండిపెట్టే ఆడదానికి చిన్నచూపు. కాబట్టి రంగు తక్కువ అన్న మాటలో శ్రమని తక్కువ చేయడం కూడా కలిసే ఉంది.

దీనికి బ్రిటిష్ పాలన కొత్త బలం ఇచ్చింది. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండులో పియర్స్ సబ్బు ప్రకటన ఒకటి వచ్చింది. నల్లపిల్లాడు తొట్టిలో కూర్చుని ఆ సబ్బుతో స్నానం చేసి లేచేసరికి మెడ కింది ఒళ్ళంతా తెల్లబడి ఉంటుంది. నలుపంటే మురికి, తెలుపంటే నాగరికత, మేము మిమ్మల్ని కడగడానికి వచ్చాం అన్నది సామ్రాజ్యం మాట. 2017లో డవ్ కంపెనీ ఫేస్‌బుక్‌లో ఒక చిన్న వీడియో పెట్టింది. ఒక నల్లజాతి స్త్రీ తన గోధుమరంగు చొక్కా తీసేస్తే లోపలి నుంచి ఒక తెల్లజాతి స్త్రీ వస్తుంది. ప్రపంచమంతా దుమ్మెత్తిపోస్తే క్షమాపణ చెప్పి తీసేశారు. ఆ తొట్టికీ ఈ చొక్కాకీ మధ్య నూరేళ్ళ పైన గడిచాయి. కథ మాత్రం మారలేదు. ఈ డవ్ సబ్బూ, అప్పటి ఫెయిర్ అండ్ లవ్లీ, రెండూ ఒకే యూనిలీవర్ సంస్థవి. ఒక చేత్తో "నువ్వు ఉన్నట్టే అందంగా ఉన్నావు" అని అమ్మింది. ఇంకో చేత్తో "నువ్వు ఉన్నట్టు ఉంటే చాలదు" అని అమ్మింది.

ఈ కథలు పిల్లల మనసుల్లో ఏం చేస్తాయో 1940ల్లోనే అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. వాళ్ళు భార్యాభర్తలు. నల్లపిల్లల ముందు ఒక తెల్లబొమ్మ, ఒక నల్లబొమ్మ పెట్టి, మంచి బొమ్మ ఏది, చెడ్డ బొమ్మ ఏది అని అడిగారు. ఎక్కువమంది పిల్లలు తెల్లబొమ్మ మంచిదన్నారు. మరి నీలా ఉన్న బొమ్మ ఏది అని అడిగితే కొందరు ఏడ్చేశారు. నల్లపిల్లలకి వేరు బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ పరిశోధన కూడా లెక్కలోకి వచ్చింది. మా అమ్మ ఆ రాత్రి ఏడ్చింది కూడా అలాంటి ఏడుపే అని ఈ పరిశోధన చదివినప్పుడు నాకు అర్థమయింది.

ఇప్పుడు మన సినిమాల సంగతి. రంగు పట్టింపు అందరికీ ఒక్కలా ఉండదని సినిమా చాలా స్పష్టంగా చూపిస్తుంది. 2020లో వచ్చిన "కలర్ ఫోటో" మచిలీపట్నం నేపథ్యంగా, నల్లగా ఉన్న కుర్రాడి ప్రేమకథ. మంచి ప్రయత్నం. రంగు గురించి తెలుగులో నేరుగా మాట్లాడిన సినిమాగా నాకు దాని మీద గౌరవం ఉంది. అయితే అందులోనూ అతను ప్రేమించిన అమ్మాయి తెల్లగానే ఉంటుంది. 2021లో "పుష్ప"లో అల్లు అర్జున్‌ని నల్లబరిచారు. ఎర్రచందనం నరికే కూలీ అంటే నల్లగా ఉండాలని మన ఊహ. మగవాడికి ఆ నలుపు మొరటుతనమయింది, పౌరుషమయింది, జనం ఈలలు వేశారు. నల్లగా ఉన్న హీరోయిన్‌కి ఏ పౌరుషం అంటగడతారు? 2019లో హిందీలో వచ్చిన "బాలా" రంగు వివక్షని విమర్శించే సినిమా. అందులో నల్లపిల్ల పాత్ర కోసం తెల్లగా ఉన్న నటి భూమి పెడ్నేకర్‌కి మొహమంతా నల్లరంగు పూశారు. నల్లపిల్లల కష్టం చెప్పే పాత్ర కూడా నల్లపిల్లకి దక్కలేదు.

మన పురాణాలు వేరే మాట చెబుతాయి. కృష్ణుడు నల్లనివాడు. ద్రౌపదికి కృష్ణ అని పేరు. ఆమె కూడా నల్లనిదే, ఆమె అందానికి రాజులంతా బారులు తీరారు. మన సినిమా కృష్ణుడికి నీలం రంగు పూసి నలుపుని దైవత్వంగా మార్చింది. ద్రౌపదికి తెల్ల మేకప్ వేసి ఆమె నలుపుని పూర్తిగా మాయం చేసింది. "నలుపు నారాయణుడు మెచ్చు" అనే సామెత చెప్పి మనల్ని ఓదార్చేవాళ్ళు, నారాయణుడు మెచ్చిన నలుపుని పెళ్ళికొడుకు తల్లి ఎందుకు మెచ్చదో చెప్పరు.

తెలుగు హీరోయిన్లలో చాలామందిని ఉత్తరాది నుంచి తెస్తారు. వాళ్ళకి మన భాష రాదు. తెలుగు అమ్మాయిలు తెర వెనక నిలబడి వాళ్ళకి గొంతు ఇస్తారు. గొంతుకి తెలుగు ఆడది పనికొస్తుంది, ఒంటికి పనికిరాదు. నా అభ్యంతరం బయటినుంచి వచ్చిన అమ్మాయిల మీద కాదు, వాళ్ళూ పనిచేసుకునేవాళ్ళే. ఏ శరీరాన్ని చూపించాలో, ఏ శరీరాన్ని దాచాలో నిర్ణయించే చూపు మీద.

ఆ చూపే పరాయివాళ్ళ మీదికీ వెళ్తుంది. ఈశాన్య రాష్ట్రాల ముఖకవళికలున్న మనిషి మన పాత సినిమాల్లో కనిపించేది గేటు దగ్గర, టోపీ పెట్టుకుని సలాం కొట్టే గూర్ఖాగా, అదీ నవ్వించడానికి. ఆఫ్రికా మనిషి కనిపిస్తే మత్తుమందుల ముఠాలోవాడే. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే ప్రాంతం ఉంది. ఆ పేరెలా వచ్చిందో ఎంతమందికి తెలుసు? ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. నిజాం అశ్విక దళంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీలు నివసించిన చోటు అది. వాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. హైదరాబాద్ పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాయిద్యంలో వాళ్ళ చేయి ఉంది. అంటే ఆఫ్రికా మనిషి మనకి పరాయివాడు కాదు, మన పొరుగువాడు. అయినా తెర మీద అతనికి మనం ఇచ్చింది ఒక్క పాత్రే.

మూస చిత్రణ తెర మీదే ఉండిపోతే నేనింత దూరం వచ్చి మాట్లాడేదాన్ని కాదు. 2016 జనవరి చివర్లో బెంగళూరులో ఒక సూడాన్ విద్యార్థి నడుపుతున్న కారు కింద పడి ఒక స్త్రీ చనిపోయింది. కాసేపటికి, ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని ఒక టాంజానియా విద్యార్థిని అటుగా వచ్చింది. ఆమె కూడా నల్లగా ఉందన్నదే కారణంగా గుంపు ఆమె మీద పడి కొట్టింది, ఒంటిమీది బట్టలు చింపింది. అతని తప్పుకి ఆమెని శిక్షించడానికి జాతి కారణమయింది. ఆ శిక్ష బట్టలు చింపడం అవడానికి ఆమె ఆడది కావడం కారణమయింది. ఈ రెండింటినీ ఎక్కడ విడదీస్తారు?

ఇంకో ఉదాహరణ మన తెలుగు కుటుంబం నుంచే. నీనా దావులూరి అమెరికాలో పుట్టిన అమ్మాయి, తల్లిదండ్రులది విజయవాడ. 2013 సెప్టెంబరులో ఆమెకి మిస్ అమెరికా కిరీటం వచ్చింది. అందాల పోటీల మీద మనకున్న విమర్శని నేను వదులుకోలేదు, దాన్ని అలాగే ఉంచండి. ఆ రాత్రే అక్కడివాళ్ళు కొందరు ఆమెని అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు, ఈమె అమెరికన్ ఎలా అవుతుందన్నారు. ఇక్కడ మనవాళ్ళేమన్నారు? ఇంత రంగు తక్కువ పిల్ల మన దేశంలో అయితే మిస్ ఇండియా అయ్యేదే కాదన్నారు. అక్కడ జాతి పేరుతో, ఇక్కడ ఛాయ పేరుతో, ఒకే అమ్మాయిని రెండు దేశాలూ తూచి తక్కువ చూపించాయి. అక్కడివాళ్ళది జాత్యహంకారమని మనం వెంటనే గుర్తుపట్టాం. మనది మాత్రం అభిరుచి అనుకున్నాం.

దీని ఖరీదు మనసు ఒక్కటే చెల్లించడం లేదు, ఒళ్ళు కూడా చెల్లిస్తోంది. మా అక్క కూతురు 2021లో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఒకరోజు ఫోన్ చేసి, "పిన్నీ, ఎండలోకి వెళ్తే మొహం మండిపోతోంది" అంది. వెళ్ళి చూస్తే బుగ్గల మీద చర్మం పల్చబడి ఎర్రటి నరాలు కనబడుతున్నాయి. ఆరు నెలలుగా మందుల షాపులో చీటీ లేకుండా కొన్న క్రీము రాస్తోంది. డాక్టరు ట్యూబు చూసి అందులో స్టెరాయిడ్ ఉందన్నారు. మొదట్లో ఆ మందు మొహాన్ని తెల్లబరిచినట్టు కనిపిస్తుంది. వాడేకొద్దీ చర్మం పల్చబడుతుంది, మొటిమలు వస్తాయి, వెంట్రుకలు మొలుస్తాయి. మానేస్తే మంటా ఎరుపూ మొదటికంటే ఎక్కువవుతాయి, దాంతో మళ్ళీ రాస్తారు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లో కట్టుదిట్టం చేసింది. అమ్మకం ఆగలేదు. కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవాళ్ళలో మూత్రపిండాల జబ్బుని వైద్యులు గుర్తించారు. ఆ క్రీముల్లో పాదరసం ఉంది. 2023లో ఈ సంగతి వార్తల్లోకొచ్చింది.

ఎందుకు రాశావమ్మా అని మా పిల్లని అడిగాను. "పెళ్ళి కోసం కాదు పిన్నీ. ఇంటర్వ్యూలన్నీ కెమెరా ముందే కదా" అంది. 2003లో ఆగిపోయిన ఆ ప్రకటన నాకు కళ్ళముందు తిరిగింది. ప్రకటన ఆగింది గానీ అది నేర్పిన పాఠం పద్దెనిమిదేళ్ళ తర్వాత మా పిల్ల నోటివెంట వచ్చింది.

ఇలా మాట్లాడినప్పుడల్లా కొన్ని ప్రశ్నలు వస్తాయి. మా అమ్మమ్మలు సున్నిపిండి రాయలేదా, పసుపు పూయలేదా అంటారు. రాశారు. ఒంటిని శుభ్రం చేసుకోవడం, అలంకరించుకోవడం తప్పని నేనడం లేదు. కానీ "నల్లపిల్లకి నలుగు ఎక్కువ పెట్టు" అని వాళ్ళు అన్నప్పుడు అందులోనూ ఆ తూకం ఉంది, దాన్నీ ప్రశ్నించాలి. ఇష్టమున్నవాళ్ళు కొనుక్కుంటారు, మీకేమిటి అంటారు. ఒక పిల్లకి చిన్నప్పటి నుంచీ నువ్వు తక్కువ అని చెప్పి, పెద్దయ్యాక ట్యూబు కొనుక్కుంటే అది ఆమె ఇష్టం అనడం న్యాయమా? మగవాళ్ళకీ క్రీములు వచ్చాయి కదా, సమానత్వం వచ్చేసింది కదా అంటారు. 2005లో ఇమామీ కంపెనీ మగవాళ్ళ కోసం ఫెయిర్ అండ్ హ్యాండ్‌సమ్ తెచ్చింది. దాని ప్రకటనలో మగవాడిని ఎగతాళి చేసింది నల్లగా ఉన్నందుకు కాదు, దొంగచాటుగా ఆడవాళ్ళ క్రీము రాసుకున్నందుకు. అక్కడ కూడా అవమానం ఆడదానికే దక్కింది.

ఇప్పుడు నా గురించి ఒక మాట చెప్పకుండా ముగిస్తే నిజాయితీ అనిపించుకోదు. 2012లో మా తమ్ముడికి సంబంధాలు చూస్తున్నాం. అప్పటికి నాకు డాక్టరేట్ వచ్చింది. ఇలాంటి సభల్లో మాట్లాడుతున్నాను. మధ్యవర్తి ఫోన్ చేసి ఒకమ్మాయి గురించి చెబుతుంటే, నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న, "అమ్మాయి ఛాయ ఎలా ఉంటుందండీ?" మా అమ్మ పక్కనే కూర్చుని తోటకూర తరుగుతోంది. చెయ్యి ఆపి నావైపు చూసింది. ఏమీ అనలేదు. మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆ చూపు ముందు నా చదువంతా ఎందుకూ కొరగాకుండా పోయింది. ఈ భావజాలం శత్రువు ఇంట్లో మాత్రమే ఉంటుందనుకుంటే దాన్ని ఎప్పటికీ ఓడించలేం.

కాబట్టి ఈ రోజు నుంచి చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను. పెళ్ళి సంబంధాల కాగితంలో రంగు అనే గడి ఉంటే దాన్ని కొట్టేయండి, ఎదుటివాళ్ళని కూడా ఆ ప్రశ్న అడగకండి. టీవీలో, ఫోన్లో కించపరిచే ప్రకటన కనిపిస్తే, తేదీ, సమయం, ఛానల్ రాసుకుని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్‌కి ఫిర్యాదు పంపండి. ఎవరైనా పంపవచ్చు, ఖర్చు లేదు. ఒక్కరు పంపితే ఉత్తరం, వందమంది పంపితే ఒత్తిడి. హాస్టళ్ళలో ఒకరి ట్యూబులు ఒకరు చూసుకోండి, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉందో చదవండి, చీటీ లేకుండా అమ్మే షాపుల గురించి ఔషధ నియంత్రణ అధికారులకి చెప్పండి. మీ కాలేజీ నాటకంలో నల్లరంగు పూసుకుని నవ్వించే పాత్ర ఉంటే వేయనని చెప్పండి. ఈశాన్య రాష్ట్రాల నుంచో ఆఫ్రికా నుంచో వచ్చి చదువుకునేవాళ్ళు మీ కాలేజీలో ఉంటే, వాళ్ళకి మీరు పెట్టిన ముద్దుపేర్లు వాళ్ళకీ ముద్దుగా ఉన్నాయో లేదో అడగండి.

అన్నింటికంటే ముందు మీ అమ్మతో కూర్చుని ఒకసారి మాట్లాడండి. ఆవిడ పెళ్ళినాడు ఆవిడ రంగుకి ఎంత వెల కట్టారో అడగండి. మా అమ్మని నేను ఆలస్యంగా అడిగాను. పదివేలు ఎక్కువ ఇచ్చారని, ఆ సంగతి ముప్పై ఏళ్ళపాటు అత్తగారు గుర్తుచేస్తూనే ఉందని చెప్పింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నువ్వడగలేదుగా" అంది.

అడుగుదాం. సెలవు.